సీసా మీది అంకె

మా అక్క కూతురు డాలస్ నుంచి వచ్చినప్పుడు చేతులు కడుక్కునే సబ్బు ద్రవం సీసా ఒకటి తెచ్చింది. సీసా ముందువైపు నిండా పొగడ్తలే. ప్రకృతి ప్రసాదమట, భూమాతకు నేస్తమట, మొక్కల మహిమట. వెనకవైపు, కడుగు నీళ్లు తగిలి సగం ఊడిన కాగితం మూలన, చిన్న గుర్తు ఒకటుంది. అమెరికా వ్యవసాయ శాఖ ధ్రువీకరించిన జీవాధారిత ఉత్పత్తి అని దాని మీద రాసుంది. దాని కింద ‘ఉత్పత్తి: 63%’ అని ఉంది. అంతకుమించి మరో ముక్క లేదు.

“అన్నీ వదిలేసి అదేం చూస్తున్నావు మామయ్యా?” అంది పిల్ల. నిజమే, చూడ్డానికి అందులో అందమేమీ లేదు. కానీ ఆ సీసా మీద ఉన్న మాటలన్నిటిలో తప్పని రుజువు చేయడానికి వీలున్నది ఆ అంకె ఒక్కటే. ‘భూమాతకు నేస్తం’ అన్న మాటను ఏ ప్రయోగశాలా పరీక్షించలేదు. 63ను పరీక్షించవచ్చు. అది 40 అని తేలితే రాసినవాడు సంజాయిషీ ఇవ్వాలి. అలా పట్టుబడడానికి సిద్ధపడి రాసిన మాట కాబట్టే నాకు దాని మీద గౌరవం. ఈ అంకెను తయారుచేసే పనితనం ఎలాంటిదో చెప్పాలన్నదే ఈ వ్యాసం.

ముందు దాని అర్థం. సీసాలోని ద్రవంలో ఉన్న సేంద్రియ కర్బన పరమాణువులను వంద చొప్పున లెక్కపెడితే, వాటిలో 63 ఈ మధ్యకాలంలో బతికిన మొక్కల నుంచో, జంతువుల నుంచో, సూక్ష్మజీవుల నుంచో వచ్చాయి. మిగతా 37 భూగర్భంలోంచి తోడిన పెట్రోలియం లాంటి వాటివి. అమెరికాలో 2002 నాటి వ్యవసాయ చట్టం, ప్రభుత్వ కార్యాలయాలు కొనే సరుకుల్లో ఇలాంటి వాటికి ప్రాధాన్యం ఇవ్వాలంది. ఆ పథకం పేరు బయోప్రిఫర్డ్. మామూలు కొనుగోలుదారుకు కనిపించే ఈ గుర్తు 2011లో మొదలైంది. సరుకు రకాన్ని బట్టి కనీస శాతం వేరువేరుగా ఉంటుంది. ప్రత్యేకంగా ఏదీ నిర్ణయించని రకానికి 25 శాతం. పరీక్ష చేసేది కంపెనీ సొంత ప్రయోగశాల కాదు, గుర్తింపు ఉన్న బయటి ప్రయోగశాల.

చట్టం సంగతి ఇంతటితో చాలు. అసలు రుచి కొలతలో ఉంది.

చెరకు నుంచి తీసిన ఆల్కహాలూ, పెట్రోలియం నుంచి తీసిన ఆల్కహాలూ ఒకే పదార్థం. ఒకటే రంగు, ఒకటే వాసన, మరిగే వేడీ ఒకటే. రసాయనశాస్త్రం ఎంత తరచి అడిగినా ఆ అణువు తన పుట్టిల్లు చెప్పదు. మరి 63 అన్నది ఎక్కడిది?

ఆకాశం నుంచి వచ్చింది. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల తాకిడికి వాతావరణం పైపొరల్లో న్యూట్రాన్లు పుడతాయి. అవి నత్రజనిని ఢీకొని కార్బన్-14 అనే అరుదైన కర్బనాన్ని తయారుచేస్తాయి. అది ప్రాణవాయువుతో కలిసి బొగ్గుపులుసు వాయువవుతుంది. మొక్కలు దాన్ని తీసుకుంటాయి, మొక్కల్ని మేసినవాటి ఒంట్లోకీ చేరుతుంది. ప్రాణం ఉన్నంతకాలం ఎప్పటికప్పుడు కొత్తది వచ్చి చేరుతూనే ఉంటుంది. ప్రాణం పోయాక రాబడి ఆగిపోతుంది. ఖర్చు మాత్రం ఆగదు. 5,730 ఏళ్లకు సగమవుతుంది, మరో 5,730 ఏళ్లకు అందులో సగం. యాభై వేల ఏళ్లు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు. పెట్రోలియం వయసు కోట్ల ఏళ్లు కాబట్టి అందులో కార్బన్-14 సున్నా. నిన్న కోసిన చెరకులో నిండుగా ఉంటుంది. రెండూ కలిసిన సరుకులో కలిపినంత మేరకే ఉంటుంది. పాలలో నీళ్లు కలిపితే లాక్టోమీటరు పట్టేస్తుంది కదా, ఇదీ అలాంటిదే. తేడా అల్లా పోల్చాల్సిన రెండు పదార్థాలూ చూడ్డానికి పాలలాగే ఉండడం.

కార్బన్-14 అనగానే మనకు పురావస్తు తవ్వకాలు గుర్తొస్తాయి. నాటి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో పురావస్తు పరిశోధకుడు ఆల్చిన్ తవ్విన బూడిద దిబ్బ ఎంత పాతదో చెప్పింది ఈ కొలతే. నవీన శిలాయుగపు పశువుల కాపరులు పేడ కుప్పలు తగలబెట్టగా మిగిలిన ఆ దిబ్బ, క్రీస్తు పూర్వం మూడో సహస్రాబ్ది నాటిదని అలాగే తేలింది. అయితే నాకు ఇంతకన్నా ముచ్చటేసే సంగతి మరొకటుంది. షికాగో విశ్వవిద్యాలయంలో విల్లార్డ్ లిబ్బీ బృందం ప్రకృతిలో కార్బన్-14 ఉందని మొట్టమొదట రుజువు చేయడానికి ఏ మమ్మీనీ ఎంచుకోలేదు. బాల్టిమోర్ నగరపు మురుగునీటి శుద్ధి కేంద్రంలో వెలువడే మీథేన్ వాయువును తెచ్చుకుంది. పక్కన పెట్రోలియం నుంచి వచ్చిన మీథేన్‌ను పెట్టింది. రెండూ అదే మీథేన్. మనుషుల మలమూత్రాల నుంచి పుట్టినదానిలో కార్బన్-14 కనిపించింది, నూనె బావి నుంచి వచ్చినదానిలో కనిపించలేదు. ఈ ఫలితాన్ని 1947లో ప్రకటించారు. లిబ్బీకి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి 1960లో వచ్చింది. ఆ తర్వాతి కాలంలో ఈ పద్ధతి ఫారోల శవపేటికల దాకా వెళ్లి పేరు తెచ్చుకుంది. కానీ దానికి ఎదురైన తొలి ప్రశ్న మాత్రం ‘నువ్వు బతికినదాని నుంచి వచ్చావా, బావి నుంచి వచ్చావా?’ అన్నదే. నా సబ్బు సీసాను అడిగిందీ అదే. అరవై ఏళ్లు ఊళ్లు తిరిగి, పద్ధతి పుట్టింటికి చేరుకుందన్నమాట.

ఇక ప్రయోగశాల బల్ల దగ్గరికి వెళదాం. నమూనాను అలాగే కాల్చేయకూడదు. ప్లాస్టిక్ సంచుల్లో చవకగా ఉంటుందని సున్నపురాయి పొడి కలుపుతారు. అందులోనూ కర్బనం ఉంటుంది, కానీ అది రాతి కర్బనం. దాన్నీ లెక్కలోకి రానిస్తే పాపం మొక్కల వాటా అన్యాయంగా తగ్గిపోతుంది. ఆ రాయి బదులు కొత్త ఆల్చిప్పల పొడి వేస్తే వాటా అన్యాయంగా పెరుగుతుంది. అందుకే ఆమ్లంతో ఆ ఖనిజ కర్బనాన్ని ముందే వదిలించి, సేంద్రియ కర్బనం ఒక్కదాన్నే తూకంలో పెడతారు. ఈ పరీక్షకు అమెరికన్ ప్రమాణమైన ఏఎస్టీఎం డీ6866లో ‘సేంద్రియ’ అన్న మాట ఇందుకే ఉంది. ఒక్క విశేషణం ఎన్ని దొంగదారుల్ని మూసిందో చూడండి.

ఆ తర్వాత నమూనాను కాల్చి బొగ్గుపులుసు వాయువుగా మారుస్తారు. దాన్ని శుద్ధిచేసి, హైడ్రోజన్‌తో కలిపి వేడిచేస్తే, పక్కనుంచిన ఇనుప పొడి మీద నల్లటి గ్రాఫైట్ పేరుకుంటుంది. పెన్సిల్ ముల్లులో ఉండే పదార్థమే. ఒక మిల్లీగ్రాము చాలు. సబ్బయినా, సంచైనా, కుర్చీలో కూరిన నురుగైనా, అందరూ ఈ గదిలోకి వచ్చాక ఒకే నల్లపొడి. రంగూ వాసనా ప్రకటనా పోయి కర్బనం ఒక్కటే మిగులుతుంది.

ఆ మిల్లీగ్రాములో వెతకాల్సింది ఎంత? కొత్త కర్బనంలో కూడా కార్బన్-14 పరమాణువు లక్ష కోట్లకు ఒకటి చొప్పున ఉంటుంది. అంటే మిల్లీగ్రాములో సుమారు ఆరు కోట్లు. వినడానికి ఎక్కువే. కానీ అవి విచ్ఛిన్నమవుతుంటే వెలువడే సంకేతాల్ని లెక్కపెడదామంటే గంటకు ఒకటి కూడా రాదు. లిబ్బీ కాలంలో దారి అదొక్కటే, అందుకే గ్రాముల కొద్దీ నమూనా కావలసివచ్చేది. 1977లో మరో ఉపాయం బయటపడింది. పరమాణువు చచ్చేదాకా ఎందుకు కాచుకు కూర్చోవడం? బతికుండగానే పట్టి లెక్కపెడదాం అన్నారు. దాని పేరు యాక్సిలరేటర్ మాస్ స్పెక్ట్రోమెట్రీ. కణాల్ని మహావేగంతో పరిగెత్తించి, అయస్కాంతంతో మలుపు తిప్పి, బరువును బట్టి వేరుచేసే యంత్రం అది.

ఇక్కడొక చిక్కుంది. నత్రజని-14 బరువు దాదాపు కార్బన్-14 అంతే. గాలిలో ఐదింట నాలుగు వంతులు నత్రజనే. ఆ జనసముద్రంలో, అదే బరువున్న మరొకణ్ని పట్టుకోవాలంటే బరువు చూసి లాభం లేదు. యంత్రం కట్టినవాళ్లు ప్రకృతిలోనే ఉన్న ఒక సందును వాడుకున్నారు. నత్రజని పరమాణువుకు అదనంగా ఒక ఎలక్ట్రాన్ ఇచ్చి రుణ అయాన్ చేద్దామంటే అది నిలవదు, కర్బనం నిలుస్తుంది. కాబట్టి గ్రాఫైట్ మీద సీజియం అయాన్లు చిలకరించి రుణ అయాన్లను రాబడితే, నత్రజని గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఇంకా మారువేషగాళ్లు మిగులుతారు. కార్బన్-13కు ఒక హైడ్రోజన్ అంటుకున్నా, కార్బన్-12కు రెండు అంటుకున్నా బరువు 14 అవుతుంది. దారి మధ్యలో అయాన్ల ఎలక్ట్రాన్లను ఒలిచేస్తే ఆ జంటలు విడిపోతాయి. చివర మిగిలినవాళ్లు అసలువాళ్లే. వాళ్లను ఒక్కొక్కరిగా లెక్కపెడతారు. మన దేశంలోనూ అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ, దిల్లీ ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ లాంటి చోట్ల ఈ తరహా యంత్రాలున్నాయి. నగల పనిలో రాయి పొదిగేవాడి చేతిని మెచ్చుకుంటాం. ఇక్కడ చేతిలో రాయే కనిపించదు, పొదుగుడు మాత్రం పక్కాగా ఉంటుంది.

ఎంత బాగా కొలిచినా, కొలపాత్ర సరిగ్గా లేకపోతే ఏం లాభం? సోలకు అంచు కొట్టిన ధాన్యం వ్యాపారుల కథలు మన ఊళ్లలో కొల్లలు. తూనికలు కొలతల శాఖవాళ్లు ముద్ర వేస్తేగాని రాయి రాయి కాదు. ఇక్కడ ముద్ర వేసిన రాయి ఏమిటో తెలుసా? చక్కెర దుంప. అమెరికా ప్రమాణాల సంస్థ 1955 నాటి షుగర్ బీట్ పంట నుంచి ఆక్సాలిక్ ఆమ్లం తయారుచేయించి, ‘కొత్త కర్బనం అంటే ఇది’ అని నిర్ణయించింది. ఆ నిల్వ తరిగాక, 1977 నాటి ఫ్రాన్స్ దుంపల మొలాసిస్ నుంచి రెండో రాయి తయారైంది. ప్రపంచంలో ఎక్కడ ఏ సబ్బు పరీక్షకు వచ్చినా, చివరికి దాని ఫలితాన్ని సరిచూసేది ఎప్పుడో కోసిన ఆ దుంపల తీపితోనే.

ఆ రాయికీ ఒక గండం వచ్చిపడింది. 1950ల నుంచి అగ్రదేశాలు గాలిలో అణుబాంబులు పేల్చి చూసుకున్నాయి. ఆ పేలుళ్ల న్యూట్రాన్లు కూడా నత్రజనిని కార్బన్-14గా మార్చాయి. వాతావరణ పరీక్షలను నిషేధిస్తూ 1963లో ఒప్పందం కుదిరేనాటికి, ఉత్తరార్ధగోళపు గాలిలో కార్బన్-14 దాదాపు రెట్టింపయింది. తర్వాత సముద్రాలూ అడవులూ దాన్ని కొద్దికొద్దిగా లోపలికి తీసుకుంటుంటే, మనం తగలబెట్టే బొగ్గూ పెట్రోలూ కార్బన్-14 లేని వాయువును కలిపి మిగిలినదాన్ని పలచన చేశాయి. అంటే ‘నిండు’ అన్న గీత ఏటేటా కదులుతోంది. కదిలే గీతతో కొలవడం ఎలా? డీ6866 ఈ సంగతిని దాచలేదు. 2004లో తొలి ప్రతి వచ్చినప్పుడు, ముద్ర రాయి ప్రకారం వంద ఉండాల్సిన చోట కొత్త మొక్కలో కార్బన్-14 107.5 దగ్గర ఉంటుందని లెక్క కట్టి, దానితో భాగించమంది. తర్వాతి ప్రతుల్లో అది 105 అయింది, 102 అయింది, అలా దిగుతూ 100కు వచ్చింది. ఫలితానికి మూడు శాతం అటూఇటూ తేడా ఉండవచ్చనీ ఒప్పుకుంటుంది. అరవై ఏళ్ల పెద్ద చెట్టు కలపతో చేసిన వస్తువు, బాంబుల కాలపు గాలి పీల్చిన కారణంగా వందకు పైన పలికితే, దాన్ని వంద అనే రాయమంటుంది. తన కొలబద్ద ఎక్కడ వంగిందో తనే చెప్పే వడ్రంగిని నమ్మినట్టు ఈ ప్రమాణాన్ని నమ్మవచ్చు.

ఇక లెక్క విషయం. ఇక్కడ కాస్త నిదానించాలి, ఎందుకంటే నిజం చెబుతూనే తప్పుదోవ పట్టించే వీలు ఇక్కడే ఉంది. 2009లో కోకకోలా ‘ప్లాంట్‌బాటిల్’ పేరుతో 30 శాతం వరకూ మొక్కల నుంచి వచ్చిన సీసాను తెచ్చింది. ఆ సీసా తయారయ్యే పెట్ ప్లాస్టిక్ రెండు ముక్కల అతుకు. ఒకటి టెరెఫ్తాలిక్ ఆమ్లం, రెండోది ఇథిలీన్ గ్లైకాల్. చెరకు మొలాసిస్ నుంచి తీయగలిగింది రెండోదాన్ని. మన ఉత్తరాఖండ్‌లోని కాశీపూర్‌లో ఇండియా గ్లైకాల్స్ తయారుచేసేదీ ఈ మొలాసిస్ గ్లైకాలే. బరువులో దాని వాటా ముప్పై చిల్లర. కానీ పెట్ గొలుసులో ఒక్కో కడియంలో పది కర్బన పరమాణువులుంటే, గ్లైకాల్‌వి రెండే. అంటే కార్బన్-14 పరీక్షకు ఆ సీసా ఇచ్చే జవాబు 20. ముప్పయ్యీ నిజమే, ఇరవయ్యీ నిజమే. మొదటిది బరువు, రెండోది కర్బనం. అందుకే దేని శాతమో చెప్పని శాతం శాతమే కాదు. ఐరోపావాళ్లు ఈ రెండు లెక్కలకూ వేరువేరు ప్రమాణాలు పెట్టుకున్నారు. కర్బనానికి ఈఎన్ 16640, ప్రాణవాయువూ హైడ్రోజనూ కూడా కలిపిన మొత్తానికి ఈఎన్ 16785. టీయూవీ ఆస్ట్రియా ఇచ్చే ‘ఓకే బయోబేస్డ్’ గుర్తులో శాతం బదులు నక్షత్రాలుంటాయి. 20 నుంచి 40 దాకా ఒకటి, 80 దాటితే నాలుగు. చూపుకు నక్షత్రాలు సులువు. కానీ 41కీ 59కీ ఒకే రెండు నక్షత్రాలు పడతాయి. నాకు అంకె మీదే మోజు.

ఇంతవరకూ చెప్పినదాని మురిపెంలో పడి, ఆ గుర్తు చెప్పనివి కూడా చెప్పిందనుకుంటే మన తప్పవుతుంది. మొక్క నుంచి వచ్చింది కాబట్టి మట్టిలో కలిసిపోతుందనుకుంటారు చాలామంది. బ్రెజిల్‌లో బ్రాస్కెమ్ 2010 నుంచి చెరకు ఆల్కహాల్‌తో పాలిథీన్ తయారుచేస్తోంది. పుట్టుక చెరకే అయినా అది మామూలు పాలిథీనే, చెరువులో పడితే చెరువులోనే ఉంటుంది. పీబీఏటీ అనే మరో ప్లాస్టిక్ ఎక్కువగా పెట్రోలియం నుంచే వస్తుంది, కానీ కంపోస్టులో సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి. పుట్టుక వేరు, చావు వేరు. చావును కొలిచే గుర్తులు వేరే ఉన్నాయి. ఐరోపాలో మొలక బొమ్మ ఉన్న గుర్తుకు ఆధారం ఈఎన్ 13432. దాని ప్రకారం ఆరు నెలల్లో 90 శాతం బొగ్గుపులుసు వాయువుగా మారిపోవాలి. పన్నెండు వారాలకు రెండు మిల్లీమీటర్ల జల్లెడ మీద పదో వంతుకు మించి మిగలకూడదు. ఆ ఎరువులో విత్తనం మామూలుగానే మొలవాలి. ఆ పనితనమూ మెచ్చదగిందే, కానీ అది మరో వ్యాసం.

63 అన్న అంకె ఇంకా చాలా చెప్పదు. ఆ మొక్కలు పెరిగిన పొలం నిన్నటిదాకా అడవేమో చెప్పదు. కోసిన కూలీకి ఎంత ఇచ్చారో చెప్పదు. వాటిని చూసే ధ్రువీకరణలు వేరు. పామాయిల్‌కు ఆర్‌ఎస్‌పీఓ, చెరకుకు బోన్‌సుక్రో లాంటివి తోటల దాకా వెళ్లి తనిఖీ చేస్తాయి. వాటిది ప్రయోగశాల పని కాదు, గుమ్మం గుమ్మం తిరిగే పని. ఇంకో రకం కూడా వచ్చింది. పెద్ద కర్మాగారంలో మొక్కల నూనెనూ ముడిచమురునూ ఒకే కొలిమిలో పోస్తారు. బయటికొచ్చే ప్లాస్టిక్‌లో ఏ రేణువు ఎవరిదో తెలియదు. అప్పుడు పద్దు రాసుకుని, ఇన్ని టన్నుల మొక్కల నూనె పోశాం కాబట్టి ఇన్ని టన్నుల సరుకును మొక్కలదని అమ్ముతాం అంటారు. దీన్ని మాస్ బ్యాలెన్స్ అంటారు, ఐఎస్‌సీసీ ప్లస్ లాంటి ధ్రువీకరణ పథకాల కింద ఆ పద్దును తనిఖీ చేస్తారు. మన పాలకేంద్రం లెక్క ఇలాంటిదే. మీ గేదె పాలు ఊరందరి పాలతో కలిసి పెద్ద క్యానులోకి పోతాయి. పుస్తకంలో మీ లీటర్లు మీకే ఉంటాయి, కానీ సాయంత్రం కొన్న ప్యాకెట్లో మీ గేదె పాల చుక్క ఉందని ఎవరూ ప్రమాణం చేయలేరు. పద్దు నిజాయితీగా ఉంటే అందులో మోసం లేదు. కాకపోతే అలాంటి సరుకును కార్బన్-14 యంత్రంలో పెడితే సున్నా రావచ్చు. పద్దు మీద ఆధారపడ్డ గుర్తు, పదార్థం మీద ఆధారపడ్డ గుర్తులా నటించకూడదు. నేను అడిగేది అంతే. ఐరోపా కమిషన్ కూడా 2022 నవంబరులో, ఉత్త ‘బయో’ అనడం మాని, కొలవడానికి వీలైన కచ్చితమైన వాటాను చెప్పమంది. మన దేశంలో 2024లో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, ఆధారం చూపకుండా పచ్చటి మాటలు చెప్పవద్దని మార్గదర్శకాలిచ్చింది. అందరూ నెమ్మదిగా ఆ సబ్బు సీసా మూలలోని అంకె వైపే వస్తున్నారు.

మన ఎకోమార్క్ సంగతి తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. 1991లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఆ పర్యావరణ గుర్తుకు బొమ్మ మట్టికుండ. అంతకన్నా అందమైన గుర్తును ఊహించలేం. కానీ ఆ కుండను తీసుకెళ్లి అమెరికా గుర్తుకు దరఖాస్తు పెడితే రాదు. కాల్చిన మట్టిలో లెక్కకు అందే సేంద్రియ కర్బనమే ఉండదు మరి. అడ్డాకు విస్తరిని పట్టుకెళితే వందకు వందా వస్తుంది, అయితే దానికి ఆ వందతో పనేమిటి? ఆకును చూస్తే ఆకని తెలుస్తూనే ఉంది. చూసి తెలుసుకోవడానికి వీల్లేని సరుకులు వచ్చాకే మనకు ఆ యంత్రం కావలసివచ్చింది. కుండకు రాని గుర్తు సబ్బుకు వచ్చిందంటే కుండ తక్కువదని కాదు. ఆ గుర్తు అడిగే ప్రశ్న ఒక్కటే, దానికి ఒక్కటే జవాబు, అంతకుమించి జోక్యం చేసుకోదు.

సబ్బు అయిపోయింది. ఖాళీ సీసాను పొడి చెత్త బుట్టలో వేయబోతూ మళ్లీ ఒకసారి వెనక్కి తిప్పి చూశాను. ఆ గుర్తులో లోపలి ద్రవానికి ఒక అంకె, బయటి ప్యాకేజీకి ఇంకో అంకె వేసుకునే వీలుంది. ఈ సీసా మీద ‘ఉత్పత్తి: 63%’ అని మాత్రమే ఉంది. ప్యాకేజీ ఊసు లేదు. ముందువైపు భూమాతా మొక్కల మహిమా ఇంకా మెరుస్తూనే ఉన్నాయి. వెనకవైపు గుర్తు మాత్రం, నా చేతిలో మిగిలిన ప్లాస్టిక్ గురించి ఒక్క మాటా అనలేదు.